మూడో గేరు మాట

లారీల కాటా దగ్గర పాతికేళ్లుగా పనిచేస్తున్నారు కాబట్టి డ్రైవర్లంతా ఆయన్ని తూకం మాస్టారు అనేవారు. లారీ నాలుగు పక్కలా కాటా మీదికి వచ్చి నిలబడాలి, ఇంజను ఆగాలి, డ్రైవరు కిందికి దిగాలి. అప్పుడు గానీ చీటీ చేతికిచ్చేవారు కాదు. “నేనొక్కణ్ణి పైనుంటే పుట్టి మునుగుతుందా మాస్టారూ?” అని ఎవరైనా విసుక్కుంటే, “మునగదయ్యా. కానీ సరుకుతో పాటు నిన్నూ అమ్మేసినట్టవుతుంది. రేపు మీ ఆవిడొచ్చి అడిగితే నేనేం చెప్పను?” అనేవారు.

అలాంటి మనిషి నలభై తొమ్మిదో ఏట పెళ్లి చేసుకున్నారు. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. మొదటి భర్త ఫ్యాన్లకూ మోటార్లకూ వైండింగు కట్టేవాడు. జబ్బు చేసి, ఏడాదిన్నర మంచం పట్టి పోయాడు. ఇది జరిగి ఆరేళ్లయింది. ఒక్కతే కూతురు. చిన్నప్పుడు తండ్రి పిట్ట అని పిలిచేవాడు, ఇప్పటికీ ఇంట్లో అదే పేరు. ఫిజియోథెరపీ చదువు ముగించి, మంచం దిగలేని రోగుల ఇళ్లకి వెళ్లి కాళ్లూ చేతులూ ఆడించే ఉద్యోగంలో కొత్తగా చేరబోతోంది.

పెళ్లయిన రెండేళ్లలో మాస్టారికి ఆ ఇంట్లో లోటేమీ జరగలేదు. లేటు పెళ్లి కదా, భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు ‘ఏవండీ’ అనే పిలుచుకునేవారు. ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో తెలియక అప్పుడప్పుడు ఇద్దరూ ఒకేసారి ‘ఆఁ’ అనేవారు. అది చూసి పిట్ట కూడా నవ్వేది. కానీ ఆయనతో నేరుగా మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ పిల్ల మాటలో ఏ వరసా ఉండేది కాదు. “బాబాయి అని పిలవవే” అని తల్లి ఒకటి రెండుసార్లు చెప్పి చూసింది. పిట్ట తల ఊపేది, పిలిచేది కాదు. “టీ పెట్టాను, తాగుతారా?” అనేది గోడ వైపు చూస్తూ. మాస్టారు కూడా ఆ పిల్లని పిట్ట అనడానికి సాహసించలేదు. ఆ పేరు పెట్టిన మనిషి వేరే. అందుకని “ఏమ్మా” అని ఊరుకునేవారు.

ఇంటికి కారు షెడ్డు ఒకటే. అందులో మాస్టారి డీజిల్ కారు ఉండేది. పదహారేళ్ల బండి, బూడిద రంగు, ఎక్కడా గీత లేదు. వైండింగు పనివాడి కారు పక్కనున్న ఖాళీ స్థలంలో పట్టా కప్పుకుని ఆరేళ్లుగా కదలకుండా పడి ఉంది. నీలం రంగు చిన్న పెట్రోలు కారు, పిట్ట కన్నా ఏడాది పెద్దది. ఆ స్థలంవాళ్లు ఇల్లు కట్టుకుంటున్నాం, నెలలోగా బండి తీసెయ్యమన్నారు.

“ఇచ్చేద్దామే ఎవరికైనా. నీకు ఉద్యోగానికి ఈయన కారు ఇస్తానంటున్నారు కదా” అంది తల్లి ఆ పొద్దున గిన్నెలు తుడుస్తూ.

“నాన్న కారుకేం తక్కువ? అయిదుగురం కూచుంటే, నీళ్ల ట్యాంకు మెట్ట మూడో గేరులో ఎక్కింది. నేను ఉన్నానుగా అందులో!” అంది పిట్ట.

తల్లి ఏదో అనబోయి, గిన్నె వైపు చూసి ఊరుకుంది.

కాకి పిల్ల కాకికి ముద్దు అని ఇంకెవరైనా అయితే నవ్వేసి ఉండేవారు. మాస్టారు నవ్వలేదు. చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టారు. “కాటా ఎక్కించకుండా బరువు చెప్పకూడదమ్మా. ఎవరి కారు గొప్పదో నోటితో ఎందుకు తేల్చడం? రెండింటినీ దింపుదాం. ఏమేం చూడాలో సగం నువ్వు చెప్పు, సగం నేను చెప్తాను. గెలిచింది షెడ్డులో ఉంటుంది, రెండోది వెళ్తుంది.”

పిట్ట మొదటిసారి గోడ వైపు కాకుండా ఆయన మొహం వైపు చూసింది. “మీ కారు ఓడిపోతే?”

“నేను బస్సులో పోతాను. నాకేం, కాటా ఎక్కడికీ కదలదు. నేను ఎప్పుడొస్తే అప్పుడే మొదలవుతుంది.”

మెకానిక్ వచ్చి పట్టా తీసి చూసి, పెదవి విరిచాడు. బ్యాటరీ చచ్చిపోయింది. టైర్లు పగుళ్లు పట్టాయి. ఇంజను మీద ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, వాటి పెళ్లిళ్లు కూడా చేసి పంపినట్టున్నాయి. “తుక్కు కింద ఇచ్చెయ్యండి మాస్టారూ” అన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. రెండు కార్లకూ కొత్త టైర్లు, కొత్త బ్రేకు ప్యాడ్లు, కొత్త ఇంజను ఆయిలు వేయించారు. పోటీ అన్నాక ఇద్దరికీ సమానంగా అన్నం పెట్టి దింపాలన్నది ఆయన పద్ధతి. నీలం కారు మూడు రోజులు మొరాయించి, నాలుగో రోజు సాయంత్రం దగ్గుతూ లేచింది. ఆ శబ్దం వినగానే వంటింట్లో తల్లి ఒక్క క్షణం చేస్తున్న పని ఆపింది. వీధిలో పిట్ట ముందు తలుపు మీద చెయ్యి వేసి, ఇంజను వణుకు అరచేతిలోకి వచ్చేదాకా అలాగే నిలబడింది.

ఆదివారం కాటాకి సెలవు. లారీలు నిలిపే సిమెంటు మైదానం, ఒక మూల ఆగిన రెండు లారీలు తప్ప, ఖాళీగా ఉంది. ముందు రెండు కార్లనీ కాటా ఎక్కించారు. నీలం కారు ఆరు వందల అరవై కిలోలు, బూడిద కారు వెయ్యిన్నీ నూట పది. కార్లతో వచ్చిన పుస్తకాల్లో చూసి పిట్ట మిగతావి రాసుకుంది. ఒకటి ఎనిమిది వందల సీసీ, ముప్పై ఏడు గుర్రాల బలం, నాలుగు గేర్లు. రెండోది పన్నెండు వందల యాభై సీసీ, డెబ్భై అయిదు గుర్రాలు, అయిదు గేర్లు.

“రెండింతలు గుర్రాలుంటే ఏం లాభం? బండి కూడా దాదాపు రెండింతలు బరువుందిగా” అంది పిట్ట, పెన్సిలు చెవి వెనక పెట్టుకుంటూ. “ఒక్కో గుర్రం ఎంత లాగాలో చూడాలి.”

మాస్టారికి ముచ్చటేసింది. లెక్క వేస్తే నీలం కారులో ఒక్కో గుర్రం వాటాకి పద్దెనిమిది కిలోలు, బూడిద కారులో పదిహేను. తేడా ఉంది కానీ సిగ్గుపడేంత కాదు. చక్రం తిప్పి వెనక్కి మళ్లించడంలో నీలం కారుదే గెలుపు. రెండు లారీల మధ్య సందులోంచి అది పిల్లిలా బయటికొచ్చింది, బూడిద కారు రెండుసార్లు వెనకా ముందూ ఆడాల్సి వచ్చింది. అద్దాల్లోంచి నాలుగు దిక్కులూ కనపడటంలో కూడా నీలం కారే మేలు. పిట్ట తన నోటుపుస్తకంలో రెండు టిక్కులు కొట్టుకుని, మూడోదానికి చోటు వదిలి పెట్టుకుంది.

తర్వాత నిలబడ్డ చోటు నుంచి అరవై వేగానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడాలి. నీలం కారు పిట్ట నడిపింది, తొమ్మిది సెకన్లు. బూడిద కారు మాస్టారు నడిపారు, పిట్ట పక్కన కూచుని ఫోనులో సెకన్లు చూసింది. తొమ్మిదిన్నర.

పిట్ట ఫోను ఒళ్లో పెట్టుకుంది. సంబరపడలేదు. “మీరు కావాలని గేరు లేటుగా వేశారు.”

మాస్టారు నీళ్లు నమిలారు. పాతికేళ్లుగా లారీవాళ్ల ఎత్తులన్నీ పట్టుకున్న మనిషి, ఇరవై మూడేళ్ల పిల్లకి మొదటిసారికే దొరికిపోయారు.

“జాలి పడొద్దు నా మీద. మళ్లీ చెయ్యండి” అంది పిట్ట.

మళ్లీ చేశారు. ఏడు సెకన్లు. పిట్ట బూడిద కారుకి టిక్కు కొట్టి, “ఇలా ఉండాలి” అంది. తప్పు చేసిన విద్యార్థిలా తల ఊపారు మాస్టారు. ఆయనకి మాత్రం ఆ చివాటు తిన్నాక ఎందుకో ప్రాణం హాయిగా అనిపించింది. పరాయివాళ్లని ఎవరూ అలా కోప్పడరు.

బ్రేకు పరీక్షకి ముగ్గుపొడితో గీత గీశారు. అరవై వేగంలో వచ్చి, గీత తాకగానే బ్రేకు తొక్కాలి. బూడిద కారు ముక్కు వంచి పదహారు మీటర్లలో ఆగింది. నీలం కారు చక్రాలు బిగుసుకుపోయి, కీచుమంటూ పక్కకి జారి, ఇరవై నాలుగు మీటర్ల దగ్గర ఆగింది. పిట్ట ఇంకోసారి చేసింది. మళ్లీ ఇరవై నాలుగే. మాస్టారు టేపు చుట్టేసి ఆ రెండు గుర్తుల మధ్య నడిచారు. ఎనిమిది మీటర్లు, పెద్ద అంగలు పదకొండు. ఆ నడిమి ఖాళీలో ఏదైనా ఉండొచ్చు, లారీ వెనక భాగమో, రోడ్డు దాటే మనిషో. వెనక్కి తిరిగి చూస్తే పిట్ట కూడా అదే ఖాళీలో నిలబడి, కిందికి చూస్తోంది.

చివరికి మిగిలింది మెట్ట.

“ఆ రోజు ఎంత బరువు ఉందో అంతే పెట్టాలి” అంది పిట్ట. ఇద్దరూ కాటా గది మెట్ల మీద కూచుని లెక్క వేశారు. తల్లి యాభై ఎనిమిది. నాయనమ్మ యాభై. పెద్దమ్మ డెబ్భై అయిదు, “ఆవిడ డెబ్భై అనే చెప్తుంది, నమ్మొద్దు.” ఎనిమిదేళ్ల పిట్ట ఇరవై నాలుగు. తర్వాత పిట్ట పెన్సిలు ఆగింది.

“నాన్న అప్పుడు డెబ్భై రెండు. చివర్లో నలభై ఒకటి” అంది. “ఆసుపత్రిలో నేనే రాసేదాన్ని, రోజూ.”

“డెబ్భై రెండే వేద్దాం” అన్నారు మాస్టారు మెల్లగా.

మొత్తం రెండు వందల డెబ్భై తొమ్మిది. ఇప్పుడు బండిలో ఉండేది పిట్ట, మాస్టారు. ఇద్దరూ కలిసి నూట ఇరవై మూడు. కాటా సరిచూసే ఇరవై కిలోల ఇనపగుళ్లు ఎనిమిది తెచ్చి, గోనెపట్టాలు పరిచి వెనక సీట్లో సర్దారు.

“నాలుగు కిలోలు ఎక్కువైందమ్మా.”

“పరవాలేదు. పెద్దమ్మ చేతిసంచి ఉంటుందిగా.”

నీళ్ల ట్యాంకు మెట్ట ఊరి అంచున ఉంది. మూడు మలుపుల రోడ్డు, ఒక పక్క కొండరాయి, ఇంకో పక్క పిట్టగోడ. మొదటి మలుపు దాకా నీలం కారు మూడో గేరులో బాగానే పాకింది. రెండో మలుపుకి ఇంజను గొంతు మారింది. మూడో మలుపు ముందు ఒళ్లంతా వణికి, టక్కున ఆగిపోయింది. పిట్ట హ్యాండ్ బ్రేకు లాగింది. అది పట్టలేదు. బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది.

“బాబాయ్! రాయి పెట్టు, రాయి!”

మాస్టారు ఎలా దిగారో ఆయనకే తెలియదు. యాభై ఒక్క ఏళ్ల మోకాళ్లు ఎప్పుడూ అంత తొందరగా వంగలేదు. రోడ్డు వారనున్న రాయిని రెండు చేతులా ఎత్తి వెనక చక్రం కింద తోశారు. బండి దాని మీద కూచుని నిలిచింది. పిట్ట రెండు కాళ్లతో బ్రేకు తొక్కిపట్టి, స్టీరింగు మీద తల వాల్చి ఉంది. తను ఏమని పిలిచిందో ఆ పిల్లకి తెలిసినట్టు లేదు. మాస్టారు గుర్తు చెయ్యలేదు. చేతుల మట్టి దులుపుకుంటూ, ఇంకాసేపు అలాగే దులుపుకున్నారు.

కిందికి దిగి చదునులో ఆపాక పిట్ట అడిగింది. “ఇంజను పాతబడింది కదా, అందుకేనా? ఉన్నది చెప్పండి.”

అవునంటే సరిపోయేది. సగం నిజం కూడా. కానీ పొద్దున తిన్న చివాటు ఇంకా ఆరలేదు. “పాతబడింది, నిజమే. కానీ కొత్తప్పుడైనా ఇంత బరువుతో మూడో గేరులో ఎక్కదమ్మా. దాని బలానికి మించిన పని.”

“అయితే నాన్న అబద్ధం చెప్పాడా? నాకు బాగా గుర్తుంది. పైకెళ్లాక చెప్పాడు, ‘పిట్టా, చూశావా, అయిదుగురం, మూడో గేరు’ అని.”

మాస్టారు దిగి, వెనక సీట్లో జరిగిపోయిన ఇనపగుళ్లు సర్దారు. వాటిని కాటా గదిలో దింపి ఇద్దరూ ఇంటికి వచ్చారు.

ఇంట్లో అడుగుపెట్టగానే తల్లికి కూతురి మొహం చూసి విషయం అర్థమైంది. తడి చేతులు తుడుచుకుని వచ్చి కూచుంది. మాస్టారు లేచి వీధిలోకి వెళ్లబోయారు. ఇది తండ్రీ కూతుళ్ల మాట, మధ్యలో తనెందుకని. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది.

“మీరూ కూర్చోండి ఏవండీ. మీకూ చెప్తున్నాను” అని కూతురి వైపు తిరిగింది. “ఆ రోజు కూడా బండి ఆగిపోయిందే. మూడో మలుపు దగ్గరే. నువ్వు పెద్దమ్మ ఒళ్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్నావు. బయల్దేరేటప్పుడే నీతో గొప్పలు చెప్పాడుగా మీ నాన్న, ఆగేసరికి మొహం ఇంతయింది. ‘దిగండి దిగండి, పిట్ట లేవకముందే’ అని ముగ్గురినీ దింపేశాడు. నేనూ మీ పెద్దమ్మా వెనకనించి తోశాం. మీ నాయనమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, ‘వీడి కారు పాడుగానూ’ అని తిట్టుకుంటూ వెనకాల నడిచింది.”

పిట్ట ఏదో అడగబోయింది.

“ఆగు, అయిపోలేదు. పైన మా కోసం బండి ఆపాడు. ఎక్కి కూచున్నాం. ‘ఎవరూ ఆయాసపడకూడదు, ఊపిరి బిగబట్టండి’ అన్నాడు. అప్పుడు నిన్ను లేపాడు. మీ పెద్దమ్మకి ఊపిరి ఆగక ఒకటే దగ్గు. నువ్వేమో, ‘పెద్దమ్మకి జలుబు చేసింది’ అని...” ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మాస్టారు ఆ ఇంటికి వచ్చాక ఆవిడ మొదటి భర్త గురించి నవ్వడం అదే మొదలు.

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?”

“బళ్లో అందరికీ చెప్పుకున్నావు కదే. తర్వాత ఆయనే పోయాడు. పోయిన మనిషి అబద్ధం బయటపెట్టడానికి నాకు నోరు రాలేదు.”

మాస్టారు గొంతు సవరించుకున్నారు. “ముగ్గురు దిగారంటే నూట ఎనభై మూడు కిలోలు తగ్గినట్టు. పైగా వెనకనించి ఇద్దరి తోపు. మీరు తోసేటప్పుడు కదిలాక గేరు మార్చాడా ఆయన?”

“మార్చాడనుకుంటా. బండి ఒక్క ఉదుటున ముందుకు పోయింది, నేను బోర్లా పడబోయాను.”

“అయితే మూడో గేరు మాట నిజమే అయ్యుండొచ్చమ్మా” అన్నారు మాస్టారు పిట్టతో, చీటీ ఇస్తున్నంత గంభీరంగా. “తప్పు మనుషుల లెక్కలో ఉంది. చూడకుండా మాత్రం చెప్పలేం.”

మరుసటి ఆదివారం ముగ్గురూ వెళ్లారు. చక్రం కింద పెట్టడానికి తల్లి ఒక చెక్కదిమ్మ పట్టుకుంది. పిట్ట ఒక్కతే బండిలో కూచుంది, పక్క సీట్లో రెండు ఇనపగుళ్లు. తండ్రి బరువు, ఎనిమిదేళ్ల పిల్ల బరువు, నాలుగు కిలోలు తక్కువగా. మూడో మలుపు ముందు ఆపి, రెండో గేరు వేసి, చెయ్యి బయటపెట్టి ఊపింది. భార్యాభర్తలిద్దరూ నీలం కారు వెనక భుజాలు ఆనించి తోశారు. “ఏవండీ, జాగ్రత్త” అంది ఆవిడ. “ఆఁ, మీరు జాగ్రత్తండీ” అన్నారు ఆయన. బండి కదిలింది. నాలుగు అంగలు, ఆరు అంగలు. గేరు మారిన శబ్దం వినపడింది. ఇంజను ఒక్కసారి లోతుగా మూలిగి, తేరుకుని, వాళ్ల చేతుల్లోంచి జారిపోయింది. ఇద్దరూ నడిరోడ్డు మీద మోకాళ్ల మీద చేతులు ఆనించి, ఊపిరి అందక, అది మలుపు తిరగడం చూశారు. కాసేపటికి పైనించి హారను మోగింది. ఒకసారి కాదు, ఆపకుండా.

వాళ్లు పైకి చేరేసరికి పిట్ట బండి పక్కన నిలబడి ఉంది. చెంపలు తడిసి ఉన్నాయి, మొహం వెలుగుతోంది. “మూడో గేరే. ఒట్టు” అంది.

“రాసుకో” అన్నారు మాస్టారు.

రాసుకుంది. అయినా మొత్తం టిక్కులు లెక్కపెడితే బూడిద కారుకే ఎక్కువ వచ్చాయి. మైలేజీ దానిదే, సామాను చోటూ దానిదే, రోగులు పట్టుకుని నడిచే మడత స్టాండు పెట్టినా ఇంకా ఖాళీ మిగులుతుంది. తీర్పు చెప్పింది పిట్టే. “మిగతావన్నీ ఎలా ఉన్నా ఆ ఎనిమిది మీటర్లు చాలు. రోగుల ఇళ్లకి వెళ్లేదాన్ని నేనే రోగినైతే ఎలా? నీ కారే తీసుకుంటా.” మెట్ట మీద ‘పెట్టు’, ఇప్పుడు ‘నీ’. ఈసారి తెలిసే అంది, అని తల్లి వైపు ఓరగా చూసింది. తల్లి చూడనట్టే కిటికీ తెర సర్దుకుంది.

నీలం కారుని పిట్టకి డ్రైవింగు నేర్పిన టీచరమ్మ తీసుకుంది. అది ఎక్కడంటే అక్కడ తిరుగుతుంది, నలుదిక్కులా కనపడుతుంది, ఇరవై వేగం దాటని కొత్తవాళ్లకి అంతకన్నా ఏం కావాలని ఆవిడ లెక్క. పక్క సీటు కింద తన కోసం రెండో బ్రేకు పెట్టించుకుంటానంది. మెట్ట మాత్రం ఎక్కించొద్దని మాస్టారు రెండుసార్లు చెప్పారు. తీసుకెళ్లే రోజు పిట్ట బండి కడిగి, తుడిచి, తాళం చేతికిచ్చి, వీధి చివరిదాకా చూసి లోపలికి వచ్చి పడుకుంది. ఆ పూట ఎవరూ లేపలేదు.

పిట్ట ఉద్యోగం సోమవారం మొదలైంది. మాస్టారు బస్సులో కాటాకి వెళ్లారు. ఇటుకల లారీ ఒకటి కాటా మీద నిలబడి ఉండగా ఫోను మోగింది. పిట్ట ఆయనకి ఎప్పుడూ ఫోను చేయలేదు. ఏమైందోనని గబగబా ఎత్తారు.

“బాబాయ్, డీజిల్ పోయించుకుందామని ఆగాను. ఆ మూత ఎలా తెరుస్తారు? అంతా వెతికాను.”

“నీ సీటుకి కుడి పక్క కింద, నేల మీద చిన్న మీట ఉంటుంది చూడు. పైకి లాగు. కొంచెం గట్టిగా, అది మొండిది.”

టప్పున చప్పుడైంది. “ఆఁ, వచ్చింది.”

ఇక పెట్టేస్తుందనుకున్నారు. పెట్టలేదు.

“పొద్దున మొదటి రోగి ఎవరనుకున్నావు? రిటైరైన రైలు గార్డు. చెయ్యి ఎత్తమంటే ఎత్తడు, పచ్చజెండా ఇస్తే ఎత్తుతాడట. చివరికి నా ఆకుపచ్చ రుమాలు ఇచ్చాను బాబాయ్...”

కాటా మీదున్న లారీ డ్రైవరు దిగి వచ్చి, కిటికీ దగ్గర చీటీ కోసం చెయ్యి చాపాడు. మాస్టారు ఆగమని సైగ చేసి, కుర్చీ వెనక్కి వాల్చుకుని, “ఎత్తాడా మరి?” అని అడిగారు.